తెల్లక్కకు నేను సగమే నేర్పిన మాట

ఆ రోజుల్లో ఏడో తరగతి పాసైన ఆడమనిషి అంటే మా వైపు ఊళ్ళలో ఒక వింత. ఇప్పుడు ఇంటికి రెండు డిగ్రీలున్నాయి, ఎవరూ ఎవరినీ తలెత్తి చూడరు. నేను సుల్తానాబాద్‌లో ఉర్దూ మీడియంలో ఏడు చదివి, పెళ్ళయి, ఇచ్చోడ అవతల ఉన్న ఊరికి కాపురానికి వచ్చేసరికి, ఉత్తరాలు చదివించుకోవడానికి మా అరుగు మీద జనం కూర్చునేవాళ్ళు. ఉత్తరంలో ఉన్నదానికంటే నాలుగు మాటలు ఎక్కువే చదివేదాన్ని (క్షేమం అని ఒక్క ముక్క రాసి పంపితే, అంత దూరం నడిచొచ్చిన తల్లికి తృప్తి ఏముంటుంది?). అట్లా చదువు నెత్తికెక్కిన మనిషికి ఏదో ఒకరోజు దెబ్బ తగలక తప్పదు. తగిలింది. కాని నాకు తగిలింది తక్కువ, నా మూలంగా వేరేవాళ్ళకు తగిలింది ఎక్కువ. అందుకే ఈ సంగతి ఎవరికైనా చెప్పేటప్పుడు మొదట్లో బాగా నవ్విస్తాను, నడుమకు వచ్చేసరికి నేనే నవ్వడం మానేస్తాను.

హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. మా ఊరి చివర ఒక మిషన్ దవాఖాన పెట్టారు. రేకుల కప్పు, రెండు గదులు, ఒక నర్సమ్మ, అంతే. ఆ నర్సమ్మ స్పెయిన్ దేశపు సన్యాసిని. ఆమె అసలు పేరు పలకబోతే ఊళ్ళో అందరి నాలుకలూ మెలికపడ్డాయి, దాంతో ‘తెల్లక్క’ అన్నారు. ఆమె మొదటి రోజు నుంచే ఆ పేరుకు పలికింది. నాగపూర్‌లో ఏడాది ఉండి కొంత హిందీ నేర్చుకుంది. నాకు ఉర్దూ వచ్చు. ఆ హిందీ, ఈ ఉర్దూ రెండూ కుంటుకుంటూ మధ్యలో కలుసుకునేవి. అట్లా నాకు దవాఖానలో పని దొరికింది. జనం మాట ఆమెకు, ఆమె మాట జనానికి చెప్పడం, సూదులు ఉడకబెట్టడం, ఇళ్ళకు పోయేటప్పుడు సంచి మోయడం.

మా ఆయన ఆదిలాబాద్‌లో పత్తి మిల్లులో పనిచేస్తూ ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు, ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. అడ్డు చెప్పవలసింది మా అత్త. ఎందుకంటే ఆ ఊళ్ళో కాన్పులన్నీ చేసేది ఆమే. ఎదురుగా ఇంకొక మంత్రసాని వచ్చి కూర్చుంటే, సొంత కోడలు పోయి ఆమె సంచి మోస్తానంటే ఎవరికి మండదు? కాని మా అత్త ఆలోచన వేరు. “పో పిల్లా, పో. ఇంట్ల ఉంటే నా తిట్లొక్కటే తింటవు. గాడికి పోతే గామెయి గూడ తినొచ్చు” అంది.

మధ్యాహ్నం రోగులు లేనప్పుడు దవాఖాన అరుగు మీద మాకు చదువు సాగేది. నేను ఆమెకు తెలుగు చెప్పాలి. ఉత్తగా చెబితే నా గొప్ప ఏముంది? బదులుగా నాకు మీ భాష నేర్పమని పట్టుబట్టాను. (ఇచ్చోడ సంతలో నిలబడి స్పెయిన్ భాష మాట్లాడితే బెల్లం చవకగా ఇస్తారనుకున్నానో ఏమో.) తెల్లక్క కాసేపు ఆలోచించి, నాకు ఒకే ఒక్క క్రియ ఇచ్చింది. ‘బొల్బేర్’. ఇది ఒక్కటి అన్ని తీర్లా వాడడం నేర్చుకో, తక్కినవి తర్వాత అంది. నేను దాన్ని ఒక నోటుబుక్కులో ఉర్దూ అక్షరాలతో కుడి నుంచి ఎడమకు రాసుకున్నాను. ఆమె ఆ పుస్తకాన్ని నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా తిప్పి చూసి, తన భాష ఇంత అందంగా ఉంటుందని తనకు తెలియదంది.

బొల్బేర్ అంటే తిరిగి రావడం. ‘బుయెల్బో’ అంటే నేను తిరిగొస్తాను. ఇంతవరకు సులువే. కాని ఆ మాట ఒక్కచోట నిలిచేది కాదు. పొద్దున్నే సూదుల గిన్నె ఆమె ముందు పెడితే, ఒకసారి ఉడికినవి కనిపిస్తున్నా “బుయెల్బె ఆ ఎర్బిర్” అనేది. మళ్ళీ ఉడకబెట్టు అని. ఎండకు సొమ్మసిల్లిన మనిషి కళ్ళు తెరిస్తే “బుయెల్బె ఎన్ సీ” అనేది. తెలివిలోకి వచ్చిందని. నేను అయోడిన్ సీసా ఒలకబోసినప్పుడల్లా, అంటే వారానికి రెండుసార్లు, నెత్తి పట్టుకుని “మె బుయెల్బెస్ లోకా” అనేది. నాకు పిచ్చెక్కిస్తున్నావు అని. మన ‘తిరుగు’ అన్న మాట కూడా ఇంతే కదా, తల తిరుగుతుంది, ఊరు తిరుగుతాం, తిరిగి వస్తాం. అందుకే తొందరగా పట్టుబడింది. నా నోటుబుక్కులో ఆ మాటకు ఐదు పేజీలు నిండాయి. మా అత్త ముందు గట్టిగా చదివేదాన్ని. “ఆమె పిల్లిని పిలుస్తున్నదా?” అనేది మా అత్త.

ఇక నేను నేర్పిన తెలుగు సంగతి. తెల్లక్క ఎవరింటి నుంచి బయలుదేరినా “పోతున్న” అనేది. అది విని ఇంట్లో ఆడవాళ్ళు ముఖాలు చిట్లించుకునేవాళ్ళు. ఒకరోజు ఆమెను కూర్చోబెట్టి పెద్ద పంతులమ్మ లాగా చెప్పాను. మా దగ్గర పోయేటప్పుడు పోతున్న అనరు, పోయొస్త అంటారు, పోయేది నిజమే అయినా నోటితో ఆ ఒక్క ముక్క అని ఊరుకోవద్దు, వస్తానని కూడా కలపాలి అని. ఆమె ముఖం వెలిగిపోయింది. అయితే ఇది మా బుయెల్బో, అంది. ఆ రోజు నుంచి తెల్లక్క పోయొస్త అనని గడప లేదు. ఇళ్ళలో అనేది, కల్లు కాంపౌండ్ ముందు అనేది, కట్టేసిన ఎడ్లకు అనేది, దొడ్డికి పోతూ నాకూ అనేది. ఊరంతా ముచ్చటపడింది. మా తెల్లక్కకు మర్యాద తెలుసు అన్నారు. నేను నా వీపు నేనే తట్టుకున్నాను.

ఒక్కసారి మాత్రం ఆమె ఒక సందేహం అడిగింది. దవాఖానలో నయమై ఇంటికి పోయేవాళ్ళు ఎందుకు మౌనంగా వెళ్ళిపోతారు, నాతో పోయొస్త ఎందుకు అనరు, అని. దవాఖానకు మళ్ళీ వస్తానని ఎవరంటారు? కొన్ని చోట్ల ఆ మాట అనకూడదు. చావు జరిగిన ఇంట్లో అసలే అనకూడదు. అక్కడ పలకరించడానికి పోయినవాళ్ళు వచ్చినట్టే లేచి, ఏమీ అనకుండా బయటికి నడవాలి, ఇంట్లోవాళ్ళు కూడా మళ్ళీ రమ్మనరు. ఇది మా ఊళ్ళో నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కాని ఆ పూట పొయ్యి ఆరిపోతూ ఉంది, ఊదుతూ ఊదుతూ “సిగ్గక్కా, వాళ్ళకు సిగ్గు” అనేశాను. ఒక్క నిమిషం పొయ్యి వదిలేసి చెప్పి ఉంటే సరిపోయేది.

ఊళ్ళో పెద్దిల్లు అని ఒక వ్యవసాయదారుల ఇల్లుండేది. ఆ ఇంటి నడిపి కోడలికి రెండేళ్ళ కొడుకు. వాడికి తట్టు పోసింది, తర్వాత ఊపిరి అందడం మానేసింది. తెల్లక్క మూడు రోజులు ఆ పిల్లవాడి మంచం దగ్గరే ఉంది. నాలుగో పొద్దున, ఎండ వాకిట్లోకి రాకముందే వాడు పోయాడు. నడిపి కోడలికి అప్పటికే మళ్ళీ ఐదో నెల. ఆమె ఏడవలేదు, వాడి కాళ్ళను తన కొంగులో చుట్టి వదలకుండా కూర్చుంది. తెల్లక్క పిల్లవాడి కళ్ళు మూసి, తన కళ్ళు తుడుచుకుని, లేచి గడప దగ్గరికి వచ్చింది. వచ్చి, ఇంటివాళ్ళందరి వైపు తిరిగి, రెండు చేతులు జోడించి, నేను నేర్పినంత స్పష్టంగా, గుండెల నిండా దయతో, “పోయొస్త” అంది.

వాకిట్లో ఉన్నవాళ్ళందరి మెడలు ఒక్కసారే ఇటు తిరిగాయి. ఆమె వెనుక సంచి పట్టుకుని ఉన్నది నేను. అక్కడే ‘తెలియక అన్నది, తప్పు పట్టకుండ్రి’ అని ఒక్క మాట అని ఉంటే అయిపోయేది. నేను చెప్పులు చూసుకుంటూ నడిచాను.

పదకొండో రోజు రాకముందే ఆ ఇంటి తాత పోయాడు. ఆయన రెండేళ్ళ నుంచి దగ్గుతూనే ఉన్నాడు, రేపో మాపో అని అందరికీ తెలుసు. అయినా ఎవరు వింటారు? తెల్లామె వస్త అన్నది, చావు మళ్ళ వచ్చింది అన్నారు. ఆమెతోపాటు ఏదో వస్తుందన్నారు. వారం తిరిగేసరికి దవాఖాన అరుగు ఖాళీ. ఆమె వీధిలో కనబడితే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. పోయొస్త అంటే వెనుక నుంచి పసుపు నీళ్ళు చల్లేవాళ్ళు.

మా అత్త నన్ను పొయ్యి దగ్గర పట్టుకుంది. “సావింట్ల గట్ల అనొద్దని గామెకు చెప్పినవా?”

“లేదత్తా.”

“మరి ఏం చెప్పినవే? నీకు వచ్చింది సగం, గామెకు చెప్పింది పావు. పోయి ఊళ్ళె చెప్పు, తప్పు నాదని.”

చెప్పలేదు. రేపు చెబుతా అనుకున్నాను, ఆ రేపు నాలుగు నెలలు సాగింది. చెబితే నన్ను ఎవరు ఉత్తరం చదవమంటారు? చదువుకున్న కోడలు అని ఎవరంటారు? ఆ పేరు మీద నాకు అంత మోజు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం అదే నా ఆస్తి. తెల్లక్క రోజూ అడిగేది, జనం ఎందుకు రావడం లేదని. పొలం పనులు, తీరిక లేదు అని నేను రోజూ అబద్ధం చెప్పేదాన్ని. ఆమె నమ్మేది. పొద్దున్నే సూదులు తీయించి “బుయెల్బె ఆ ఎర్బిర్” అనేది. ఎవరికీ గుచ్చని సూదులను నేను రెండుసార్లు ఉడకబెట్టేదాన్ని.

ఆ రోజుల్లోనే మా వీధి చివరి రైతు కాలిలో నాగలి కర్రు దిగింది. దవాఖాన అతని ఇంటికి వంద అడుగుల దూరం. మందు అల్మారాలో ఉంది. అతను రాలేదు, ఇంటివాళ్ళు రానివ్వలేదు. ధనుర్వాతం వచ్చి విల్లులాగా వంగిపోయి పోయాడు. అతని భార్య అరుపు నాకు వంటింట్లోకి వినబడింది. తెల్లక్కకూ వినబడింది. ఆమె దవాఖాన గుమ్మంలో నిలబడి, పోదామా వద్దా అన్నట్టు నా వైపు చూసింది. వద్దన్నట్టు తల ఊపాను. ఈ మాట నేను నవ్వుతూ చెప్పలేను, ఎప్పుడూ చెప్పలేదు.

చివరికి పెద్దింటి నడిపి కోడలికి నొప్పులొచ్చాయి. మా అత్తను పిలిచారు. ఒక రోజు గడిచింది, రెండో రోజు మిట్టమధ్యాహ్నం అయింది. మా అత్త మోచేతుల దాకా నెత్తురుతో వాకిట్లోకి వచ్చి, గోడ పక్కన నిలబడ్డ నన్ను చూసి, “బిడ్డ అడ్డం తిరిగింది. నాతోని కాదు. ఉరుకు, తెల్లామెను తోల్కరా” అంది. ముప్పై ఏళ్ళు కాన్పులు చేసిన మనిషి నలుగురి ముందు నాతోని కాదు అనడం నేను మొదటిసారి విన్నాను. నేను ఉరికాను.

తెల్లక్కను తీసుకొచ్చేసరికి పెద్దింటవ్వ, అంటే ఆ ఇంటి పెద్దావిడ, నడిపి కోడలి అత్త, గడపకు అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడింది. “గామె కాలు ఇంట్ల పెట్టొద్దు. రెండు పీనుగులను చూసిన, మూడోది చూడ” అంది.

నా నోరు ఎట్లా తెరుచుకుందో నాకు తెలియదు. “పెద్దవ్వా, గామె ఏం శాపం పెట్టలే. నేను నేర్పిన మాటే అన్నది. పోయేటప్పుడు పోయొస్త అనాలెనని చెప్పిన. సావింట్ల అనొద్దని చెప్పలే. తప్పంత నాది.”

“ఎప్పటిసంది ఎర్కనే నీకు?”

“గా రోజు సంది.”

“నాల్గు నెలలు” అంది పెద్దింటవ్వ. “ఊరంత గామెను తిడుతుంటె నీ నోట్లె ఏముండె?”

“సిగ్గయింది పెద్దవ్వా.”

“సిగ్గా!” అంది. వాకిలి నిండా జనం ఉన్నారు. నాతో ఉత్తరాలు చదివించుకున్నవాళ్ళందరూ ఉన్నారు. ధనుర్వాతంతో పోయిన రైతు భార్య కూడా ఉంది, నా వైపే చూస్తోంది. లోపలి నుంచి మా అత్త అరిచింది. “దాన్ని తర్వాత కొట్టుండ్రి! ముందుగాల గామెను పంపుండ్రి!” పెద్దింటవ్వ గడప మీద నుంచి చెయ్యి తీసింది.

తెల్లక్కకు ఏమీ అర్థం కాలేదు. చేతులు కడుక్కుంటూ ఏమిటని అడిగింది. నీళ్ళు పోస్తూ ఉన్నదంతా చెప్పాను, నాలుగు నెలల అబద్ధాలతో సహా. మె బుయెల్బెస్ లోకా అంటుందని చూశాను. అంటే బాగుండేది. ఆమె నా ముఖంలోకి ఒక్కసారి చూసి, “సబ్బు” అని చెయ్యి చాచింది, అంతే.

లోపల మేం ముగ్గురం. మా అత్త ఆ పిల్ల భుజాలు పట్టుకుంది, నేను కాళ్ళు పట్టుకున్నాను. తెల్లక్క ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి లోపల పెట్టి, అడ్డంగా ఉన్న బిడ్డను తిప్పడం మొదలుపెట్టింది. చెమట ఆమె ముక్కు మీది నుంచి కారుతోంది. లోపలి బిడ్డతో, బతిమాలుతున్నట్టు, మెల్లగా అంటూ ఉంది. “బుయెల్బెతె... బుయెల్బెతె, కన్నా.” (ఆ ‘కన్నా’ మా అత్త దగ్గర విని నేర్చుకున్నది.) తిరుగు, అటు తిరుగు అని. నా నోటుబుక్కులో ఐదు పేజీలున్నాయి, ఆ వాడుక మాత్రం లేదు. ఎంతసేపు అన్నదో తెలియదు. కొంతసేపటికి మా అత్త కూడా, తను ఏమంటున్నదో తెలియకుండానే, “బుయెల్బెతె బిడ్డా, బుయెల్బెతె” అని అందుకుంది.

బిడ్డ తిరిగింది, బయటికి వచ్చింది, కాని ఏడవలేదు. మగబిడ్డ. తెల్లక్క వాడి నోట్లో ఊదింది, వీపు తట్టింది, వేడినీళ్ళలో, చన్నీళ్ళలో ముంచింది. ఎప్పుడో పోయాడని మా అత్త అన్నా మానలేదు. ముందు రోజే పిలిచి ఉంటే అన్న మాట మా ముగ్గురిలో ఎవరం అనలేదు. తర్వాత తల్లి వైపు తిరిగింది, అటు నెత్తురు ఆగాలి. ఎండ వాలేసరికి ఆగింది. ఆ పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. “బుయెల్బె ఎన్ సీ” అన్నాను నేను, ఏడుస్తూ. తెల్లక్క తల ఊపింది, సరిగానే వాడావు అన్నట్టు.

తెల్లక్క చేతులు కడుక్కుంది. గడప దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ ఇంటివాళ్ళ వైపు తిరిగింది. రెండు చేతులూ సగం లేచాయి. అప్పుడు గుర్తొచ్చి, చేతులు దించి, పెదవులు గట్టిగా బిగబట్టి, మళ్ళీ ముందుకు తిరిగి మౌనంగా నడిచింది. మా ఊరి మనిషి నడిచినట్టే నడిచింది. వెనుక నేను. వాకిలి సగం దాటామో లేదో, లోపలి నుంచి, మంచం మీద నుంచి, సన్నగా ఒక గొంతు వినబడింది.

“తెల్లక్కా... మళ్ళ రా.”

చావు ఇంట్లో నుంచి, బిడ్డను పోగొట్టుకున్న మనిషి, అందరూ వినేటట్టు అంది. వాకిట్లో ఎవరూ కదలలేదు. తెల్లక్క వెనక్కి తిరగకుండా నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదలలేదు.

మర్నాడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంకా ఏమేం చెప్పకుండా దాచావో అన్నీ చెప్పమంది. ఎప్పుడు తుమ్మకూడదు, ఎక్కడ కాలు చాపకూడదు, ఎవరిని ఎక్కడికి అని అడగకూడదు, చెప్పుకుంటూ పోతే సాయంత్రమైంది. ఇన్ని గుర్తుపెట్టుకుని మీరు ఎట్లా బతుకుతున్నారంది. దవాఖానకు మెల్లగా జనం వచ్చారు. నాతో మాత్రం ఉత్తరాలు చదివించుకోవడం మానేశారు. రైతు భార్య నాతో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు, ఎందుకని నేను అడగలేదు కూడా. ఏడాదిన్నరకు నడిపి కోడలు నడుచుకుంటూ వచ్చి దవాఖానలోనే ఆడపిల్లను కన్నది.

ఆ పిల్ల పాకే వేళకు తెల్లక్కకు ఎక్కడికో బదిలీ అయింది. ఇచ్చోడలో బస్సు ఎక్కించడానికి మా ఊరు సగం వచ్చింది. ఆమె మెట్టు మీద నిలబడి, అందరినీ చూస్తూ, గుడ్ల నీళ్ళు కుక్కుకుంటూ, నోరు మాత్రం విప్పడం లేదు. కండక్టర్ కేకలేస్తున్నాడు. నాకు అప్పుడు తట్టింది.

“గిప్పుడు అనొచ్చక్కా. అను” అన్నాను.

“పక్కానా?” అంది.

“పక్కా.”

“పోయొస్త” అంది, ఊరంతా వినేటట్టు.

ఇంటికి రాగానే మా అత్త అడిగింది. “పోయేటప్పుడు ఏమన్నది?”

“పోయొస్త అన్నది.”

“ఐతె గామె చాయ తాగే కప్పు కడిగి మీద పెట్టు. ఎవ్వలు ముట్టొద్దు.”

తెల్లక్క మా ఇంటికి వచ్చినప్పుడల్లా తాగే, నీలం అంచు ఉన్న ఎనామిల్ కప్పు అది. రెండు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత రాలేదు. ఇంటికి చుట్టాలొచ్చి కప్పులు చాలకపోతే మా అత్త తను తాగడం మానేసేది గాని, ఆ కప్పు దించనిచ్చేది కాదు. ఆమె పోయి కూడా చాలా ఏళ్ళయింది. మొన్న మా మనుమరాలు అరలో నుంచి దాన్ని దించి చాయ పోసుకోబోతే, నా నోట్లో నుంచి ఠక్కున వచ్చింది, “అది పెట్టెయ్, గామె వస్తది” అని. ఎవరు నానమ్మా అని అడిగింది. తెల్లక్క ఉంటే ఇప్పటికి తొంభై దాటి ఉండాలి. ఏడో తరగతి పాసైన మనిషిని, ఆ మాత్రం తెలియదా నాకు? నవ్వుకున్నాను. నవ్వుకుని, కప్పు కడిగి, మళ్ళీ మీదే పెట్టాను.